నాలుగేళ్ల పిల్ల కారులో ఎటు తిరిగి కూర్చోవాలి?

కూతురి పురుటికో, మనవల్ని చూసుకోవడానికో అమెరికా వెళ్లిన అమ్మమ్మలకు అక్కడి కార్లలో మొదట వింతగా తోచేది పిల్లల సీటు. నెలల గుడ్డును వెనక అద్దం వైపు తిప్పి కూర్చోబెడితే సరేలే అనుకుంటారు. నాలుగో ఏడు నడుస్తున్న పిల్లను, ప్రీస్కూలు గేటు దాటగానే కబుర్లు మొదలుపెట్టేదాన్ని, ఇంకా అలాగే వెనక్కి తిప్పి బెల్టులు బిగిస్తుంటే మాత్రం వాళ్ల ప్రాణం ఒప్పదు. ‘‘పాపం, కాళ్లు ఎక్కడ పెట్టుకుంటుందే? ముందుకు తిప్పవే, రోడ్డన్నా చూస్తుంది’’ అంటారు. కూతురికీ లోపల ఆ అనుమానం ఉండనే ఉంటుంది. పక్కింటి పిల్లవాడు, అదే ఈడువాడు, ఎప్పుడో ముందుకు తిరిగాడు. పిల్లల డాక్టరేమో సీటు పట్టినంత కాలం వెనక్కే ఉంచమన్నారు. ఎవరి మాట వినాలి?

ముందు ప్రమాదంలో ఏం జరుగుతుందో చూద్దాం. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు గోడను గుద్దుకుందనుకోండి. ముందు భాగం ఓ 60 సెంటీమీటర్లు నలిగి కారు ఆగిపోతుంది. ఇదంతా సెకనులో పదో వంతు కూడా పట్టదు. లోపలున్నవాళ్ల ఒళ్లు మాత్రం అదే వేగంతో ముందుకు పోబోతుంది. దాన్ని ఆపడానికి కావలసిన బలం సగటున ఒంటి బరువుకు 16 రెట్లు. 16 కిలోల పిల్ల విషయంలో అది పావు టన్ను.

ముందుకు తిరిగిన సీట్లో ఆ భారమంతా భుజాల మీదా, తుంటి మీదా ఉన్న పట్టీలు మోయాలి. ఛాతీ ఆగుతుంది. తలకు పట్టీ లేదు కాబట్టి అది విసురుగా ముందుకు వెళ్తుంది. దాన్ని వెనక్కి లాగి ఆపేది మెడ ఒక్కటే. అదే పిల్ల వెనక్కి తిరిగి ఉంటే, ఒళ్లంతా సీటు వీపులోకి ఒదుగుతుంది. తల, మెడ, వెన్ను, తుంటి అన్నీ కలిసి ఒక్కసారే ఆగుతాయి. బలం వీపంతా పరుచుకుంటుంది. మెడ మీద పడే లాగుడు బాగా తగ్గిపోతుంది.

మెడ గురించి ఇంత చెప్పడానికి కారణం ఉంది. అప్పుడే పుట్టిన బిడ్డ పొడవులో నాలుగో వంతు తలే. పెద్దవాళ్లలో అది ఏడో వంతో, ఎనిమిదో వంతో. నాలుగేళ్ల పిల్ల ఈ రెండింటి మధ్యలో ఎక్కడో ఉంటుంది. తల ఇంకా ఒంటికి మించిన బరువే. ఆ బరువు మోసే మెడ పూసలు చూస్తే, పుట్టినప్పుడు అవి ఒక్కొక్కటీ ఒకే ఎముక కాదు. చాలా పూసలు మూడేసి ముక్కలుగా, మధ్యలో మెత్తటి మృదులాస్థితో ఉంటాయి. ఆ ముక్కలు కలిసి గట్టి ఎముక కావడం సుమారు మూడు నుంచి ఆరేళ్ల మధ్య జరుగుతుంది. రెండో పుట్టినరోజుకో, నాలుగో పుట్టినరోజుకో అకస్మాత్తుగా మారిపోయేది ఏదీ లేదు. పిల్ల బొద్దుగా, ఈడుకు మించి పొడుగ్గా ఉన్నంత మాత్రాన పూసలు ముందే కలిసిపోవు.

వెనక్కి తిరిగిన సీటు పుట్టింది స్వీడన్‌లో. గోథెన్‌బర్గ్‌లోని చామర్స్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన బెర్టిల్ ఆల్డ్‌మన్ స్వతహాగా వైద్యుడు. ఆ తర్వాత ట్రాఫిక్ భద్రత పరిశోధనకు జీవితాన్ని అంకితం చేశాడు. 1960ల మొదట్లో అమెరికా జెమిని వ్యోమగాముల గురించి టీవీలో వచ్చిన కార్యక్రమం ఆయన్ను ఆలోచనలో పడేసింది. రాకెట్ లేచేటప్పటి భయంకరమైన తోపుడును తట్టుకోవడానికి వ్యోమగాములు వీపు ఆనించి, ఆ బలానికి ఎదురుగా వీపు ఉండేట్టు పడుకుంటున్నారు. పిల్లలకూ ఇదే పనికొస్తుంది కదా అని ఆయనకు తట్టింది. 1964లో వోల్వో పీవీ 544 కారులో మొదటి నమూనా సీటును పరీక్షించారు. 1972లో వోల్వో అలాంటి సీట్లను అమ్మకానికి పెట్టింది.

అప్పటినుంచి స్వీడన్‌లో పిల్లలు కనీసం నాలుగేళ్లదాకా వెనక్కి తిరిగి కూర్చోవడం మామూలు విషయమైపోయింది. ఆ తర్వాత చాలామంది మధ్యలో ముందుకు తిరిగే పట్టీల సీటు లేకుండా నేరుగా బూస్టర్‌కు మారతారు. బూస్టర్ అంటే కారు బెల్టు పిల్లకు సరిగ్గా పడేలా ఎత్తు పెంచే పీట. అక్కడ ప్లస్ టెస్ట్ అనే స్వచ్ఛంద పరీక్ష ఒకటుంది. తీవ్రమైన ఎదురు ఢీలో డమ్మీ మెడ మీద ఎంత బలం పడుతోందో కొలుస్తారు. ఇంతవరకు ముందుకు తిరిగిన సీటు ఒక్కటీ ఆ పరీక్షలో నెగ్గలేదు.

అమెరికాలో ఈ మార్పు నిదానంగా వచ్చింది. 2002లో అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, అంటే అక్కడి పిల్లల వైద్యుల సంఘం, కనీసం ఏడాది నిండి 20 పౌండ్లు దాటేదాకా వెనక్కే ఉంచమని చెప్పింది. 2011లో దాన్ని రెండేళ్లకు పెంచింది. 2018లో ఆ రెండేళ్ల గీతను కూడా తీసేసి, సీటు తయారీదారు చెప్పిన ఎత్తు, బరువు పరిమితి వచ్చేదాకా వీలైనంత కాలం వెనక్కే ఉంచమంది. చట్టాలు రాష్ట్రానికో తీరుగా ఉన్నాయి. కాలిఫోర్నియాలో రెండేళ్లలోపు పిల్లలు, 40 పౌండ్ల బరువో 40 అంగుళాల ఎత్తో దాటితే తప్ప, వెనక్కి తిరిగే ఉండాలి. మన తెలుగువాళ్లు వేలల్లో స్థిరపడ్డ టెక్సస్‌లో ఎనిమిదేళ్లలోపు పిల్లలకు, నాలుగడుగుల తొమ్మిదంగుళాలు దాటకపోతే, సీటు తప్పనిసరి. అది ఎటు తిరిగి ఉండాలన్నది మాత్రం చట్టం చెప్పదు. డాలస్‌లో ఇద్దరు తల్లులు రెండు రకాలుగా చేసినా ఇద్దరూ చట్టం ప్రకారమే నడుస్తున్నారన్నమాట.

‘వెనక్కి తిరిగిన సీటు ఐదు రెట్లు క్షేమం’ అనే మాట వాట్సాప్ గ్రూపుల్లో తరచూ కనిపిస్తుంది. ఆ లెక్క 2007లో ‘ఇంజురీ ప్రివెన్షన్’ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలోది. రెండేళ్లలోపు పిల్లల ప్రమాదాలను పరిశీలించి తేల్చిన అంకె అది. అకాడమీ 2011 నాటి సిఫారసుకు కూడా అది ఒక ఆధారం. తర్వాత ఆ గణాంకాల్లో తప్పు బయటపడింది. పత్రిక ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకుంది. 2018లో మరింత సమాచారంతో చేసిన కొత్త విశ్లేషణలో తేలిందేమిటంటే, రెండు రకాల సీట్లలోనూ పిల్లలకు తీవ్ర గాయాలు చాలా అరుదు. వెనక్కి తిరిగినవాళ్లలో గాయాల రేటు ఇంకాస్త తక్కువగానే కనిపించింది. కానీ ఆ తేడాను గణాంకపరంగా గట్టిగా చెప్పడానికి చాలినన్ని కేసులు లేవు.

ఈ సంగతి దాచకుండా చెప్పడం అవసరం. ఐదు రెట్లన్న అంకె నిలబడదు. వెనక్కి తిరిగి కూర్చోవడం మెడకూ తలకూ మేలన్న మాట మాత్రం నిలబడుతుంది. డమ్మీల మీద చేసిన పరీక్షలు, స్వీడన్ దశాబ్దాల అనుభవం, ఎముకల తీరు మూడూ ఒకే వైపు చూపిస్తున్నాయి. మూడున్నర, నాలుగేళ్ల పిల్లల విషయంలో ఆ మేలు ఎంత అన్నదానికి కచ్చితమైన అంకె లేదు. కాబట్టి పిల్లను ముందుకు తిప్పిన తల్లిని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. సీటు సరిపోతున్నంత కాలం తిప్పాల్సిన తొందరా లేదు.

అమ్మమ్మ అడిగిన కాళ్ల సంగతి చూద్దాం. ఆ ప్రశ్న న్యాయమైనదే. నాలుగేళ్ల పిల్ల వెనక్కి తిరిగి కూర్చుంటే కాళ్లు చాపుకోవడానికి చోటుండదు. బాసింపట్టు వేసుకుంటుంది, లేదా కారు సీటు వీపు మీదికి కాళ్లు ఆనిస్తుంది. పెద్దవాళ్ల కళ్లకు అది ఇరుకు. పిల్లలు నేల మీద ఆడుకునేటప్పుడు గంటల తరబడి ఎలా కూర్చుంటారో గమనిస్తే, వాళ్లకు ఇదేమంత కష్టం కాదని తెలుస్తుంది. ముందుకు తిరిగిన సీట్లో కాళ్లు గాల్లో వేలాడి తిమ్మిరెక్కుతాయని కొందరు పిల్లలు గొణుగుతారు కూడా. ప్రమాదంలో కాళ్లు విరుగుతాయేమో అన్న భయం నిజానికి తలకిందులు. కాళ్లు ముందుకు విసిరినట్టు వెళ్లి ముందు సీటుకు కొట్టుకుని దెబ్బ తగిలించుకునేది ఎక్కువగా ముందుకు తిరిగిన పిల్లలే.

వెనకనుంచి మరో కారు గుద్దితే ఎలా అన్నది ఇంకో సందేహం. అలాంటి ప్రమాదాలు సాధారణంగా తక్కువ వేగంతో జరుగుతాయి. ప్రాణాల మీదికి వచ్చేవి ఎక్కువగా ఎదురు ఢీలు, పక్కనుంచి తగిలేవి. ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో జూలీ మాన్స్‌ఫీల్డ్ బృందం 2018లో వెనకనుంచి ఢీకొట్టే పరీక్షలు చేసి, వెనక్కి తిరిగిన సీట్లు అప్పుడు కూడా డమ్మీ తల, మెడ, వెన్నులను బాగానే కాపాడుతున్నాయని చూపించింది.

కడుపులో తిప్పి వాంతులయ్యే పిల్లలున్న ఇళ్లలో మాత్రం సమస్య నిజమైనదే. కొందరికి ముందుకు తిరిగాక తగ్గుతుంది, కొందరికి ఎటు కూర్చున్నా అదే వరస. సీటును ఇంకాస్త నిటారుగా అమర్చి చూడటం, కదిలే కారులో చేతికి ఫోన్ ఇవ్వకపోవడం లాంటివి ముందు చేసి చూడాలి. అప్పటికీ ప్రతి ప్రయాణమూ నరకమే అయితే, నాలుగేళ్ల పిల్లను ముందుకు తిప్పడం సమంజసమైన నిర్ణయమే.

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. సరిగ్గా నాలుగేళ్లు నిండిన ఒక అమ్మాయిని తీసుకుందాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టిక ప్రకారం ఆ వయసు ఆడపిల్లకు నడిమి బరువు 16 కిలోలు, ఎత్తు 103 సెంటీమీటర్లు. అమెరికాలో దొరికే కన్వర్టిబుల్ సీట్లలో, అంటే రెండు వైపులా అమర్చగలిగే వాటిలో, చాలావాటికి వెనక్కి తిరిగే పరిమితి 40 పౌండ్లు, అంటే 18 కిలోలు. కొన్నిటికి 50 పౌండ్లు, అంటే సుమారు 22.7 కిలోలు. బరువు చూస్తే ఈ అమ్మాయి 40 పౌండ్ల సీట్లోనైనా ఇంకొన్ని నెలలు వెనక్కే ఉండొచ్చు. ఐదేళ్లకు నడిమి బరువు 18 కిలోలు దాటుతుంది కాబట్టి అప్పటికి ఆ సీటు చాలదు. 50 పౌండ్ల సీటైతే బరువుకు ఇంకా ఖాళీ ఉంటుంది.

చాలామంది పిల్లలు బరువు పరిమితి కంటే ముందు ఎత్తు పరిమితిని అందుకుంటారు. అది తేల్చడానికి మొత్తం ఎత్తు ఒక్కటే చాలదు. పిల్లను సీట్లో కూర్చోబెట్టి, పట్టీలు బిగించి, పక్కనుంచి చూడాలి. చాలా కంపెనీల నియమం ప్రకారం, నడినెత్తికీ సీటు గట్టి వీపు పైఅంచుకూ మధ్య కనీసం ఒక అంగుళం, అంటే రెండున్నర సెంటీమీటర్ల ఖాళీ మిగలాలి. ఒక పుస్తకం నెత్తి మీద బల్లపరుపుగా పెట్టి సీటుకు ఆనిస్తే ఎంత మిగిలిందో తెలిసిపోతుంది. పొడవంతా కాళ్లలో ఉన్న పిల్లకు ఇంకా ఏడాది చోటుండొచ్చు. మొండెం పొడవుగా ఉన్న పిల్లకు మూడున్నరకే నిండిపోవచ్చు. ఒకే ఎత్తున్న కవల పిల్లలకు కూడా జవాబు ఒకటే కానక్కర్లేదు.

భుజాల పట్టీలు ఎక్కడినుంచి రావాలన్నది ఎక్కువమంది పొరపడే చోటు. వెనక్కి తిరిగిన సీట్లో పట్టీలు పిల్ల భుజాలకు సమానంగానో, కొంచెం కిందనుంచో రావాలి. ఎదురు ఢీలో పిల్ల సీటు వీపు మీదుగా పైకి జారబోతుంది, కిందనుంచి వచ్చే పట్టీలు దాన్ని అణిచిపట్టుకుంటాయి. ముందుకు తిప్పిన రోజున ఇది మారాలి. అప్పుడు పట్టీలు భుజాలకు సమానంగానో, పైనుంచో రావాలి. పట్టీ బిగింపు చూడటానికి భుజం దగ్గర దాన్ని నిలువుగా రెండు వేళ్లతో గిల్లి పట్టుకోవాలి. మడత చేతికి చిక్కితే ఇంకా బిగించాలి. చలికాలంలో దళసరి కోటు వేసి పట్టీలు బిగిస్తే, గుద్దుకున్నప్పుడు కోటు నలిగిపోయి పట్టీ వదులవుతుంది. కోటు తీసేసి, బెల్టులు పెట్టాక పైన కప్పడమే మంచిది.

ఎటు తిరిగిందన్న వాదనలో ఈ చిన్న పనులు మరుగున పడుతుంటాయి. అమెరికా రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ పరిశీలనలో దాదాపు సగం పిల్లల సీట్లు ఏదో ఒక పొరపాటుతో వాడుతున్నవే. వదులుగా అమర్చి, పట్టీలు జారుతున్న సీటు ఎటు తిరిగినా పూర్తి రక్షణ ఇవ్వదు. బెల్టు వెళ్లే దారి దగ్గర పట్టుకుని ఊపితే సీటు ఒక అంగుళం కంటే ఎక్కువ కదలకూడదు. కారులోనే ఉండే లాచ్ కొక్కేలకు బరువు పరిమితి ఉంటుందని చాలామందికి తెలియదు. సీటు బరువూ పిల్ల బరువూ కలిపి ఆ పరిమితి దాటితే, కొక్కేలు వదిలి కారు బెల్టుతో అమర్చుకోవాలి. బరువైన సీట్లో నాలుగేళ్ల పిల్ల ఉంటే ఈ పరిమితి త్వరగానే వస్తుంది. అక్కడ చాలా ఊళ్లలో శిక్షణ పొందిన టెక్నీషియన్లు సీటు అమరికను ఉచితంగా చూసి సరిదిద్దుతారు. ఓ అరగంట పెట్టి చూపించుకోవడం కంటే మంచి ఖర్చు లేదు.

పరిమితి వచ్చాక ముందుకు తిప్పాల్సిందే. అంగుళం ఖాళీ పోయినా, బరువు దాటినా ఇంకా వెనక్కే ఉంచితే ఆ సీటు పరీక్షించిన తీరులో పనిచేయదు. ముందుకు తిప్పాక సీటు పైనుంచి వచ్చే టెథర్ పట్టీని కారులో దానికోసమే ఉన్న కొక్కేనికి తప్పక తగిలించాలి. చాలామంది వదిలేసేది దీన్నే. ఆ ఒక్క పట్టీ గుద్దుకున్నప్పుడు తల ముందుకు వెళ్లే దూరాన్ని నాలుగైదు అంగుళాలు తగ్గిస్తుంది. ముందు సీటు వీపుకు తల తగలడానికీ తగలకపోవడానికీ ఆ దూరమే తేడా కావచ్చు. నాలుగేళ్లకే బూస్టర్‌కు పంపేయకుండా, ఐదు చోట్ల పట్టుకునే పట్టీల సీటునే దాని పరిమితి దాకా వాడాలని ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ చెబుతుంది.

ఇక మన ఊళ్ల సంగతి. హైదరాబాద్ ఔటర్ మీదనో, విజయవాడ హైవే మీదనో పక్క కార్లలోకి చూస్తే గుండె జలదరిస్తుంది. రెండు ముందు సీట్ల మధ్య నిలబడ్డ పిల్లలు, డ్రైవింగ్ చేస్తున్న నాన్న ఒడిలో స్టీరింగ్ పట్టుకున్న పిల్లలు, ముందు సీట్లో అమ్మ ఒడిలో నిద్రపోతున్న పిల్లలు. పైన చెప్పిన పావు టన్ను బలాన్ని ఏ తల్లి చేతులూ ఆపలేవు, ఎంత గట్టిగా హత్తుకున్నా సరే. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 194బి సెక్షన్ ప్రకారం, 14 ఏళ్లలోపు పిల్లలకు బెల్టో, పిల్లల సీటో లేకుండా కారు నడిపితే వెయ్యి రూపాయల జరిమానా. సెక్షన్ ఉన్న సంగతే చాలామందికి తెలియదు.

వెనక్కి తిరిగిన సీటు మన దేశపు కార్లకు కొత్తేమీ కాదు. 2023 అక్టోబరు నుంచి అమల్లో ఉన్న భారత్ ఎన్‌క్యాప్ పరీక్షల్లో ఏడాదిన్నర పిల్లకూ, మూడేళ్ల పిల్లకూ ప్రతిరూపాలైన డమ్మీలను వెనక సీట్లలో కూర్చోబెట్టి కారును గుద్దిస్తారు. పిల్లల రక్షణకు 49 పాయింట్లలో మార్కులు వేస్తారు. అంతకుముందు గ్లోబల్ ఎన్‌క్యాప్ మన కార్లపై చేసిన కొన్ని పరీక్షల్లో మూడేళ్ల డమ్మీని కూడా వెనక్కి తిప్పే కూర్చోబెట్టారు. మన బజార్లో దొరికే సీట్లలో మాత్రం వెనక్కి తిరిగే పరిమితి 13 కిలోల దగ్గరే ఆగిపోయేవి చాలానే ఉన్నాయి. కొనేముందు డబ్బా మీద ‘4 సంవత్సరాల వరకు’ అన్న పెద్దక్షరాలను కాక, ఎటు తిప్పినప్పుడు ఎన్ని కిలోలన్న చిన్నక్షరాలను చదవాలి. ఎటు తిప్పినా సీటు వెనక వరసలోనే ఉండాలి. ఎయిర్‌బ్యాగ్ పనిచేస్తున్న ముందు సీట్లో వెనక్కి తిరిగిన సీటు పెడితే, విచ్చుకున్న బ్యాగ్ నేరుగా పిల్ల తల వెనక ఉన్న సీటు వీపును కొడుతుంది.

సెలవులకు ఇండియా వచ్చే కుటుంబాలు అమెరికా సీటును వెంట తెచ్చుకునేముందు ఒకటి చూసుకోవాలి. అమెరికా కార్లలో బెల్టును పూర్తిగా లాగితే అది బిగుసుకుని అలాగే ఉండే ఏర్పాటు సాధారణంగా ఉంటుంది. మన కార్ల బెల్టుల్లో సాధారణంగా అది ఉండదు. బెల్టుతో అమర్చిన సీటు నాలుగు మలుపులకే వదులవుతుంది. సీటులోనే బెల్టును పట్టి ఉంచే బిగింపు ఉందో లేదో, లేకపోతే లాకింగ్ క్లిప్ ఎలా వాడాలో దాని మాన్యువల్‌లో ఉంటుంది. వెళ్లబోయే కారులో లాచ్ లాంటి ఐసోఫిక్స్ కొక్కేలున్నాయో లేదో తాతయ్యకు ఫోన్ చేసి, వెనక సీటు వీపుకూ కూర్చునే దిండుకూ మధ్య సందులో చెయ్యి పెట్టి చూడమంటే టికెట్లు తీసుకునే రోజునే తెలిసిపోతుంది.